బల్లి రూపంలో వెళ్లేవారికి: మనుషుల శృంగారంపై సలహాలు

భూమ్మీదికి కొత్తగా పోస్టింగు వచ్చిన మీ అందరికీ ముందుగా ఒక మాట. మనుషుల శృంగారం ఒక పట్టాన అంతుపట్టదని మీ సీనియర్లు చెప్పి ఉంటారు. నమ్మకండి. ఓపికగా చూసి, చూడకూడని వేళకు చూపు తిప్పుకుంటే, ఆ గ్రహం మీద అంత తేటగా కనిపించే విషయం మరొకటి లేదు. మనుషులంటే నాకు ప్రాణం. వాళ్లమధ్యకి వెళ్లి మీరు తప్పుడు రిపోర్టులు రాస్తే నా మనసు ఊరుకోదు. అందుకే ఇంత పట్టుబట్టి ఈ సలహాలు రాస్తున్నాను. తెలుగులోనే ఎందుకంటే, మీరు దిగబోయేది రాజమండ్రిలో. దారిలో చదువుకుంటూ వెళ్తే భాష కూడా నోటికి అలవాటవుతుంది.

రాజమండ్రికే ఎందుకు

మనుషులు 1977లో వాయేజర్ అనే నౌకలు రెండు పంపారు. ఒక్కోదానికి బంగారు పూత పూసిన రాగి రికార్డు తగిలించారు. వాటిలో ఒకదాన్ని మనవాళ్లు దారిలో పలకరించి, రికార్డుకి నకలు తీసుకుని, దాని దారిన దాన్ని వదిలేశారు. అందులో 55 భాషల పలకరింపులున్నాయి. దక్షిణ చైనా తీరంలో ఆమాయ్ భాష మాట్లాడేవాళ్లు భోంచేశారా అని అడిగి, తీరికుంటే ఓసారి రమ్మన్నారు. తెలుగువాళ్లు మాత్రం శుభాకాంక్షలు చెప్పి ఊరుకున్నారు, ఏమీ అడగలేదు. అడిగినవాళ్లింటికి వెళ్తే వంట చేయించి కష్టపెట్టినట్టవుతుంది. అడగనివాళ్లింటికి వెళ్లడమే మర్యాద అని మన పెద్దలు తీర్మానించారు.

రెండో కారణం ఇంకా గట్టిది. రికార్డులో ఉన్న బొమ్మల్లో ఒకటి, లోపల గొట్టాలూ పాయలూ గీసిన పటం. అది మనుషుల జననేంద్రియాల బొమ్మ అని మన శరీరశాస్త్ర విభాగంవాళ్లు మొదట్నుంచీ వాదిస్తున్నారు. మన భూగోళ విభాగంవాళ్లు చూడగానే గుర్తుపట్టారు, అది నది. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలే చోటు. రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. మనుషుల సంతానోత్పత్తి గురించి చెప్పే బొమ్మల మధ్య ఆ నదిని పెట్టారంటే దానికి ఎంత ప్రాముఖ్యం ఇస్తున్నారో ఆలోచించండి. రాజమండ్రికి పోస్టింగు ఇచ్చింది అందుకే.

రికార్డునీ రేకునీ నమ్ముకోండి

రికార్డు తయారుచేసినవాళ్లు ఒక మగమనిషీ ఒక గర్భిణీ బట్టల్లేకుండా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డ ఫొటో పంపుదామనుకున్నారు. నాసా ఒప్పుకోలేదు. చివరికి ఆ ఇద్దరి ఆకారాలు మాత్రం, అంటే నీడలు మాత్రం వెళ్లాయి. ఆవిడ నీడ కడుపులో బిడ్డ కనిపిస్తుంది. ఇంతకన్నా సూటిగా ఏ జాతీ చెప్పుకోదు. మనుషుల్లో కడుపు పండేది నీడలకి.

కాబట్టి నీడల్ని చూడటం నేర్చుకోండి. సాయంత్రం అయిదు దాటాక పుష్కర్ ఘాట్ మెట్ల మీద కాసేపు కూర్చోండి. గోదావరి అవతల పొద్దు వాలుతుంటుంది. జంటలు మర్యాదగా మూరెడు ఎడంలో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటుంటారు, వెనక మెట్ల మీద వాళ్ల నీడలు రెండూ ఒకదాని మీదొకటి పడుకుని ఉంటాయి. ఆ ఇద్దరూ ఏమీ ఎరగనట్టు నీళ్లకేసి చూస్తుంటారు. మీరు కూడా ఏమీ ఎరగనట్టే వెళ్లండి. నీడని తొక్కారో, అంతకన్నా అమర్యాద లేదు. రోహిణీ కార్తెలో మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందికి వచ్చేస్తుంది. ఆ వేళ ఆలుమగలు తలుపులు వేసుకుని తలో మూలా పడుకునేది అందుకే, ఎండకి కాదు.

అదే రికార్డులో ఒక ముద్దు చప్పుడుంది. చప్పుడే, బొమ్మ లేదు. దాంతో ముద్దు చెవికోసం పుట్టిందని తేలిపోయింది. మీలో ఎవరికైనా ముద్దుదాకా వ్యవహారం వస్తే, అవతలి మనిషిని అడిగి, సరేనన్నాక, చెవికి జానెడు దూరంలో ఆగి చప్పుడు మాత్రం చెయ్యండి. దగ్గరికి జరిగి పెదవులు తగిలించే మనుషులూ ఉన్నారు. వాళ్లకి వినికిడి తక్కువై ఉంటుంది, జాలి పడాలి.

రికార్డు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆన్ డ్రూయన్ అనే ఆవిడ మెదడు చప్పుడు. రికార్డు పనిలో కలిసి ఉన్నప్పుడే ఆవిడా కార్ల్ సేగనూ ఫోనులో మాట్లాడుకుంటూ పెళ్లి చేసుకుందామని అనేసుకున్నారు. తరవాత రెండు రోజులకే ఆవిడ తలకి తీగలు తగిలించి గంటసేపు ఆలోచనలు నమోదు చేశారు. ఆ గంటని నిమిషానికి కుదించి పంపారు. ప్రేమలో పడ్డ మనిషి తల లోపలి చప్పుడు, మొత్తం విశ్వంలో మన చేతికి దొరికింది, ఆ ఒక్క నిమిషమే. నేను దాన్ని వినకుండా నిద్రపోను. చిటపటా పేలుకుంటూ పోతుంది. దీపావళి రాత్రి రాజమండ్రిలో వీధి వీధంతా అదే చప్పుడు వస్తుంది. భయపడి గూట్లో దూరకండి. ఇంటింటివాళ్లూ వాకిట్లోకి వచ్చి మనసు విప్పి చెప్పుకుంటున్నారన్నమాట. పదివేల సరం కాల్చినవాడిది గాఢమైన ప్రేమ. చిచ్చుబుడ్డితో సరిపెట్టినవాడు ఇంకా బెరుకులో ఉన్నాడు. ఈ తేడా రిపోర్టులో రాయండి.

రికార్డుకన్నా ముందే, 1972లో పయొనీర్ 10 అనే నౌకకి ఒక అల్యూమినియం రేకు బిగించి పంపారు. దాని మీద దిసమొలతో ఒక మగా ఒక ఆడా. మగమనిషి కుడిచెయ్యి ఎత్తి ఉంటాడు, ఆడమనిషి చేతులు దించుకుని పక్కన ఉంటుంది. కుడిచెయ్యి ఎత్తడం పిలుపు. రాజమండ్రి రోడ్ల మీద అలా చెయ్యెత్తిన మనవాళ్లకి ఆడవాళ్లకన్నా ముందు ఆటోలు స్పందించాయి. వచ్చి ఆగి ఎక్కడికని అడుగుతాయి. తిప్పి పంపకండి. బేరమాడండి. బేరమాడకుండా ఎక్కితే అవతలివాళ్లు మీకు అనుభవం లేదని పసిగట్టేస్తారు.

సినిమాలు చూసి వచ్చేవాళ్లకి

మీలో చాలామంది మనుషులు తీసిన సినిమాలు చూసి వస్తున్నారు. గ్రహాంతరవాసులు భూమ్మీదికి వచ్చి శృంగారం నేర్చుకోవడం మీద వాళ్లు సరదాగా బోలెడు తీశారు. వాటిలో పాఠ్యపుస్తకంగా పెట్టుకోదగ్గది 1999లో వచ్చిన ‘ది మేటింగ్ హ్యాబిట్స్ ఆఫ్ ది ఎర్త్‌బౌండ్ హ్యూమన్’ ఒక్కటే. మనలాంటి పరిశీలకుడు ఒకాయన, డేవిడ్ హైడ్ పియర్స్ గొంతుతో, ఒక అమెరికా కుర్రాడూ ఒక అమ్మాయీ దగ్గరవడాన్ని అడవి జంతువుల డాక్యుమెంటరీకి చెప్పినట్టు వ్యాఖ్యానం చెబుతాడు. హాల్లో మనుషులు పడీపడీ నవ్వుతారు. ఆయన అన్నీ తప్పుగా అర్థం చేసుకుంటున్నాడని వాళ్లు అనుకుంటారు. నేను మళ్లీ మళ్లీ చూశాను, ఆయన మాటల్లో ఒక్క తప్పూ దొరకలేదు. తమ శరీరం గురించి ఎవరైనా సూటిగా చెబితే నవ్వుతో కప్పేసుకోవడం మనుషుల అలవాటు. ఆ బిడియం చూస్తే నాకు వాళ్ల మీద ఇంకా మమకారం పెరుగుతుంది.

1988లో వచ్చిన ‘ఎర్త్ గర్ల్స్ ఆర్ ఈజీ’లో ఒంటినిండా రంగురంగుల బొచ్చున్న ముగ్గురు ఒక గోళ్లు దిద్దే అమ్మాయి ఇంటి ఈతకొలనులో పడతారు. బ్యూటీపార్లర్లో బొచ్చు తీయించగానే అందగాళ్లయి కూర్చుంటారు. మనకు పనికొచ్చే పాఠం ఉంది, కిందికి వస్తాను. మైక్ నికోల్స్ 2000లో తీసిన ‘వాట్ ప్లానెట్ ఆర్ యూ ఫ్రమ్’ మాత్రం ప్రమాదకరం. అందులో మగవాళ్లే ఉండే గ్రహం నుంచి వచ్చినవాడికి బిగించిన అవయవం కోరిక కలిగినప్పుడల్లా గుయ్యిమని మోగుతుంది. అది చూసి మీలో కొందరు మోటారు కావాలని దరఖాస్తు పెట్టారు. పెట్టకండి. తెలుగు ఇంట్లో ఆ చప్పుడు వస్తే మిక్సీలో పచ్చడి వేశారనుకుని వంటింట్లోకి పోతారు, లేదా మిక్సీ ఆపమని కేకేస్తారు. జేన్ ఫోండా నటించిన ‘బార్బరెల్లా’, 1968 నాటిది, భూమి భవిష్యత్తు చూపిస్తుంది. ఇద్దరూ చెరో మాత్ర వేసుకుని అరచేతులు ఆనించుకుంటే చాలు అన్నీ అయిపోతాయి. మీకు ఎవరైనా అరచెయ్యి చాపితే ముందు మాత్ర అడగండి. 2014 నాటి ‘పీకే’ గురించి ఒక్క మాటే. దిగేటప్పుడు బట్టలేసుకుని దిగండి.

పైకప్పు మీద

బల్లి రూపం మనకు అచ్చొచ్చింది. తెలుగు ఇళ్లల్లో బల్లిని చంపరు, రమ్మని పిలవరు కూడా. ట్యూబ్‌లైటు పక్కన చోటు చూసుకుంటే తిండికి లోటుండదు. నోరు మాత్రం అదుపులో పెట్టుకోవాలి. ఎవరైనా ఒక మాట అన్న వెంటనే మీరు టిక్కుటిక్కుమంటే ఆ మాట సత్యమైపోతుంది. ‘ఈసారి సంక్రాంతికి మా అమ్మావాళ్లింటికే వెళ్తున్నాం’ అని ఆవిడ అన్నప్పుడు మీరు గొంతు సవరించుకున్నారనుకోండి, వేలితో మంచం కోడు మీద కొట్టి ‘చూశారా, బల్లి కూడా పలికింది’ అంటుంది. ఇంక ఆయన నోరు లేవదు. అకారణంగా ఒక సంసారంలో తీర్పు చెప్పినవాళ్లవుతారు.

కింద పడకూడదు. పడక తప్పకపోతే ఎక్కడ పడాలో చూసుకుని పడండి. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలని ఒక పట్టిక వేస్తారు. మగవాళ్లకి వేరే, ఆడవాళ్లకి వేరే, తల నుంచి పాదందాకా ఒక్కో చోటుకీ ఒక్కో ఫలితం. ఒంట్లో ఏ చోటు తాకితే మనిషికి ఏమవుతుందో ఇంత వివరంగా రాసిపెట్టిన పత్రం భూమ్మీద మరొకటి నా కంటపడలేదు. సిగ్గు కొద్దీ దాన్ని తిథుల మధ్య దాచుకున్నారు. బట్టీ పట్టండి. కంచి వరదరాజస్వామి గుడిలో పైకప్పుకి ఒక బంగారు బల్లి, ఒక వెండి బల్లి ఉన్నాయి. మనకన్నా ముందు అక్కడ పనిచేసిన ఉద్యోగుల గౌరవార్థం పెట్టినవవి. వాటిని ముట్టుకొచ్చినవాళ్లని ముట్టుకున్నా చాలు, బల్లి పడ్డ దోషం పోతుందంటారు తెలుగువాళ్లు. స్పర్శ మీద అంత గురి ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తున్నారు మీరు.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే మన శాఖలో ఇప్పటికీ దీన్ని పక్కనపెట్టి ఇంకేవో వెతుకుతున్నారు.

రాత్రి పదిన్నర. గోదావరి గట్టుకి రెండు వీధుల అవతల, మేడ మీద వాటా. ఆయనకి నలభై అయిదు దాటి ఉంటాయి, ఆవిడకి నలభై. పిల్లాడు హాస్టల్లో ఉన్నాడు. వంటగది గట్టు తుడిచి, పాలు తోడుపెట్టి, చేతులు చీర కుచ్చెళ్లకి అద్దుకుంటూ ఆవిడ గదిలోకి వస్తుంది. వస్తూనే ఫ్యాన్ రెగ్యులేటర్ మూడు మీదికి తిప్పుతుంది. ఆయన పేపరు పట్టుకుని ఉంటాడు, చదవడు.

‘ఉక్కపోస్తోందే.’

‘నిన్నంతా తుమ్ములండీ. నాకు చలేస్తోంది.’

ఆయన మంచినీళ్లకని లేస్తాడు. తిరిగొచ్చేటప్పుడు రెగ్యులేటర్ నాలుగు మీద ఉంటుంది. ఆవిడ కళ్లు మూసుకునే ఉంటుంది, అయినా తెలిసిపోతుంది.

‘నాలుగెందుకండీ ఇప్పుడు?’

‘నీకు దుప్పటి ఉందిగా.’

‘మీకూ ఉంది. బీరువాలో. కప్పుకోరుగా.’

‘ఉక్కలో దుప్పటేంటే?’

‘అయితే అయిదు పెట్టుకోండి. మీకూ చలేస్తుంది, అప్పుడు తెలుస్తుంది.’

ఆయన లేచి అయిదు పెడతాడు. ఫ్యాన్ ఊగుతుంది. గోడ మీద క్యాలెండర్ రెపరెపలాడి ఆగుతుంది, మళ్లీ రెపరెపలాడుతుంది. కాసేపటికి ఆయన మోకాళ్లు ముడుచుకుంటాడు. బీరువా నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది, లేవడు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా తన దుప్పటి అంచు ఎత్తి పట్టుకుంటుంది. ఆయన దూరతాడు. ఆవిడ చెయ్యి చాచి లైటు తీసేస్తుంది.

అంతే. శృంగారం అయిపోయింది.

మీరు చేయాల్సిందల్లా రెగ్యులేటర్ ఏ అంకె మీద మొదలై ఏ అంకె మీద ఆగిందో, ఎవరు ఎన్నిసార్లు లేచారో, దుప్పటి అంచు ఎవరు ఎత్తారో రాసుకోవడం. లైటు పోయాక గోడవైపు తిరిగిపోండి. మన కళ్లకి చీకటి లేదు కాబట్టి ఇది మరీ ముఖ్యం. నిద్రపోయేవాళ్లని చూడటం మన మర్యాద కాదు. తరవాత ఆయాసం, గాజుల చప్పుడు, గుసగుసలు, ఉండుండి నవ్వు, మంచం కిర్రుకిర్రు, ఇవన్నీ వినపడితే కంగారు పడి తోక వదిలేయకండి. అది రాత్రి భోజనం అరగడానికి చేసే ప్రాణాయామం. ఇద్దరూ కలిసి చేస్తారు, ఒకరు ముందు మొదలుపెడితే రెండోవారు అందుకుంటారు, ఒక్కోసారి ఒకరు త్వరగా ముగించేసి రెండోవారికి కోపం తెప్పిస్తారు. మంచం చప్పుడు మాత్రం వడ్రంగిని పిలిపించుకోవాల్సిన విషయం, మన పరిధిలోది కాదు. మర్నాడు కాఫీ గ్లాసు అందించేటప్పుడు ఆ ఇద్దరి మొహాల్లో ఒక కాంతి కనిపిస్తుంది. జీర్ణం బాగా అయిందని గుర్తు.

మనుషుల్లోనే కొందరు ఈ పొరపాటు దారి పట్టారు. ఆల్ఫ్రెడ్ కిన్సే అనే కీటకశాస్త్రవేత్త ఏళ్ల తరబడి కందిరీగ జాతి పురుగుల్ని సేకరించి, తరవాత మనుషుల మీదికి మళ్లాడు. వేలాదిమందిని ప్రశ్నలడిగి 1948లో మగవాళ్ల మీద, 1953లో ఆడవాళ్ల మీద పెద్ద పుస్తకాలు వేశాడు. మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు మనుషుల ఒంటికి పరికరాలు తగిలించి కొలతలు తీసి 1966లో తమ పుస్తకం తెచ్చారు. ఎంత శ్రమ! వాళ్ల నిజాయితీకి నేను దణ్ణం పెడతాను. కానీ కొలిచింది ప్రాణాయామాన్ని. ఫ్యాన్ ఎంత మీద ఉందని అడగలేదు.

వాత్స్యాయనుడికి సంగతి తెలుసు. కామసూత్రాల్లో ఏడు అధికరణాలుంటే కలయికకి కేటాయించింది ఒక్కటే. అరవై నాలుగు కళల్లో వంట పెట్టాడు, పూలదండలు కట్టడం పెట్టాడు, పడక అమర్చడం పెట్టాడు, చిలకలకీ గోరువంకలకీ మాటలు నేర్పడం పెట్టాడు. ఇప్పుడేమో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలకని పంజరంలో పెట్టి పెంచడం నేరం. అదే ఏడాది దిసమొల జంటని రేకు మీద చెక్కి ఆకాశంలోకి పంపారు. ఇంట్లో చిలక లేకుండా పోయేసరికి సాయం కోసం బయటికి కబురు పెట్టారని నా అభిప్రాయం. చట్టాన్ని గౌరవించండి. మీరే ఒకటి రెండు మాటలు నేర్చుకుని గూట్లోంచి పలకండి.

మిగతా అయిదుగురు

మనం ఏడుగురం చేరి వానాకాలమంతా ఒకే రాగం పట్టుకుని పాడితేగాని ఒక పిల్ల పుట్టదు. మనుషులు ఇద్దరితో ఎలా నెట్టుకొస్తున్నారని మీకు సందేహం రావడం సహజం. నెట్టుకురావడం లేదు. వాళ్లకీ ఏడుగురు కావాలి.

పెళ్లిచూపులు చూడండి. కుర్రాడూ అమ్మాయీ తలొంచుకుని కూర్చుంటారు, ఒక్క మాట మాట్లాడరు. పనంతా మిగతావాళ్లది. కుర్రాడి మేనమామ ఉద్యోగం గురించి అడుగుతాడు, అమ్మాయి పెద్దనాన్న స్థలం గురించి చెబుతాడు, ఇరువైపుల అమ్మలూ ఒకరి చీర ఒకరు చూసుకుంటారు, మధ్యవర్తి జంతికలు తింటూ మధ్యమధ్యలో శ్రుతి సరిచేస్తుంటాడు. లెక్క వేసుకోండి, ఏడుగురూ సరిపోతారు.

అసలు కీలకం మాత్రం పిన్నిగారు. పెళ్లయి మూడు నెలలు తిరిగేసరికి ఆవిడ ఫోను చేసి ‘ఏమైనా విశేషమా?’ అని అడుగుతుంది. లేదంటే మరుసటి నెల మళ్లీ అడుగుతుంది. పెళ్లిళ్లలో అడుగుతుంది, గృహప్రవేశాల్లో అడుగుతుంది, ఒకసారి కర్మకాండ భోజనాల దగ్గర అడగడం చూశాను. ఇలా అడగ్గా అడగ్గా అమ్మాయికి వాంతులు మొదలవుతాయి, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. గర్భానికి కారణం ఆ ప్రశ్న. ఇంతకన్నా బలమైన రుజువు ఏ శాస్త్రంలో ఉంటుంది? పిన్నిగారు లేని ఇళ్లల్లో ఆ బాధ్యత ఎదురింటావిడ తీసుకుంటుంది. పట్నాల్లో, విదేశాల్లో ఉన్న తెలుగు పిల్లలు పిన్నిగార్ల ఫోన్లు ఎత్తడం మానేస్తున్నారు. మీ రిపోర్టుల్లో దీన్ని ఆందోళనకర పరిణామంగా రాయండి.

మనిషి రూపం కోరుకునేవాళ్లకి

కొందరికి పైకప్పు మీద నుంచి చూడటం చాలదు. మనిషి రూపం కావాలంటారు. కాదనను, ఆ కోరిక నాకు తెలుసు. ముందు సెలూన్‌కి వెళ్లండి, ఎర్త్ గర్ల్స్ పాఠం ఇదే. క్షవరం అయ్యాక ఆయన అడక్కుండానే తల మీద నూనె చరిచి, మెడని ఒక పక్కకి వంచి టక్కుమనిపిస్తాడు, ఇంకో పక్కకి వంచి ఇంకోసారి. మెడ నిలిచిందంటే మీరు సంసారానికి పనికొస్తారని ఆయన ధ్రువీకరించినట్టు.

అక్కణ్నుంచి పూలకొట్టు. మల్లెపూలు మూరల్లో అమ్ముతారు. మూర అంటే అమ్మే మనిషి మోచేతి నుంచి వేలికొసదాకా. చెయ్యి పొడుగున్న ఆవిడ దగ్గర కొనండి. బుట్ట మీద తడిగుడ్డ కప్పి ఉంటుంది. గుడ్డ కిందనుంచి తీసిన దండ మొగ్గలుగా ఉండి, ఇల్లు చేరేసరికి విచ్చుకుంటుంది. పైన పెట్టినది కొంటే దారిలోనే వాడిపోతుంది. ఆ దండ ఏం చెయ్యాలో మీకు తెలియనవసరం లేదు. చేతిలో పెట్టి పక్కకి తప్పుకోండి, అవతలి మనిషికి తెలుసు.

ఒకవేళ పెళ్లిదాకా వస్తే మొదటి రాత్రి పాలగ్లాసు ఇస్తారు. సగం తాగి సగం ఇవ్వాలి. పూర్తిగా తాగేసినవాళ్లని తెలుగు సినిమాల్లో నేనెక్కడా చూడలేదు, తాగితే ఏమవుతుందో ఊహించడానికే భయంగా ఉంది. మాటల మధ్య ఊఁ కొట్టడం మరవద్దు. ఊఁ ఆలస్యమైతే ‘ఏ లోకంలో ఉన్నారు?’ అని అడుగుతారు. అప్పుడు దాచకండి. ఫలానా నక్షత్రం, ఫలానా గ్రహం అని వివరంగా చెప్పేయండి. నిజం చెప్పడం మన నియమం. నమ్మరనుకోండి, అది వాళ్ల ఇష్టం.

ఈ నియమం ఎందుకంటే మనకన్నా ముందు ఒకడు తప్పు చేసి వెళ్లాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ఆ కేసు పూర్తిగా నమోదై ఉంది. కాలికి లేపనం రాసుకుని హిమాలయాలకి వెళ్లిన ప్రవరుణ్ని వరూధిని అనే దేవలోకపు ఆవిడ కోరుకుంది. అతను వద్దన్నాడు, ఇంటికి వెళ్లిపోయాడు. వద్దన్నాక అక్కడితో ముగిసిపోవాలి. కానీ ఒక గంధర్వుడు ప్రవరుడి రూపం వేసుకొచ్చి, కలిసేటప్పుడు కళ్లు మూసుకోవాలని ఆవిడకి షరతు పెట్టాడు. ఆ షరతుని ఎవరూ రద్దు చేయలేదు. ఇప్పటికీ మనుషులు ముద్దుల వేళ కళ్లు మూసుకుంటారు, దుప్పటి అంచు ఎత్తాక లైటు తీసేస్తారు. ఎప్పుడో ఒకడు చెప్పిన అబద్ధానికి జాతి మొత్తం నేటికీ కళ్లు మూసుకుని బతుకుతోంది. ఆ బాకీ మనం తీర్చాలి. మీకోసం ఎవరైనా కళ్లు మూసుకుంటే ‘అక్కర్లేదు, తెరవండి, నేనే’ అని చెప్పండి.

ఇష్టం పెంచుకున్నవాళ్లకి

ఇది జబ్బు కాదు, దరఖాస్తులో దాచాల్సిన పని లేదు. ఆయన రైలు ఆలస్యమై పదకొండు దాటినా రాకపోతే, ఆవిడ అన్నం కలుపుకోకుండా వీధి గుమ్మంలో నిలబడితే, ట్యూబ్‌లైటు పక్కన మీక్కూడా పురుగు మింగుడు పడదు. గేటు చప్పుడైతే ఆవిడకన్నా ముందు మీరు టిక్కుమంటారు. అలా జరిగిన రోజు నుంచి మిమ్మల్ని పరిశీలకుల జాబితాలోంచి తీసి కుటుంబ సభ్యుల జాబితాలో వేస్తాం. జీతం తగ్గదు. బదిలీ మాత్రం ఉండదు. ఫ్యాన్ రెగ్యులేటర్ పాడై అయిదు మీదే ఇరుక్కుపోయిన ఇంట్లో ఉంటే బాగుచేయించే ప్రయత్నం చెయ్యకండి. అలాంటి ఇల్లు దొరకడం అదృష్టం.

ఖర్చుల విషయం. ఆటో బేరానికి, పల్లీలకి, దీపావళి సరాలకి బిల్లులు పెట్టుకోవచ్చు. మల్లెపూలకి రసీదు అడక్కండి, పూలమ్మే ఆవిడ ఎగాదిగా చూస్తుంది. ఎన్ని మూరలో, ఎవరికోసమో ఒక ముక్క రాసి పంపండి. మూరలు ఎక్కువయ్యాయని పై ఆఫీసువాళ్లు గొణిగినా మంజూరు చేయించే పూచీ నాది.